శిష్యుని గెలుపు

పాఠ్యభాగ ఉద్దేశం: క్రీడారంగంలో విజేతగా నిలవడం ఒక సాధన. ఆ విద్యను పరుల చేతిలో పెట్టి వారిని విజేతలుగా తీర్చిదిద్దడం మరొక సాధన. ఈ రెండింటినీ ఆచరించిన పుల్లెల గోపీచంద్ జీవితం ద్వారా గురువు బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

తెలంగాణలో కుస్తీ నేర్పే స్థలాన్ని తాలింఖానా అనీ, నేర్పే పెద్దను ఉస్తాదు అనీ పిలుస్తారు. యౌవనంలో బరిలోకి దిగి గెలిచిన మల్లుడే వయసు మీరిన తరువాత గోదా గట్టున నిలిచి పిల్లలకు పట్లు నేర్పుతాడు. తన ఒంటికి తెలిసిన విద్యను మరొకరి ఒంటికి ఎక్కించడం సులభం కాదు. గెలిచినవారందరూ నేర్పలేరు. అన్నిచోట్లా గెలుపును కోరవచ్చునుగాని శిష్యుని చేతిలో మాత్రం ఓటమినే కోరుకోవాలని పెద్దలు చెబుతారు. కుస్తీ గోదాలో పుట్టిన ఈ ఉస్తాదు సంప్రదాయానికి మన కాలంలో బాడ్మింటన్ కోర్టులో నిలువెత్తు ఉదాహరణ పుల్లెల గోపీచంద్.

గోపీచంద్ 1973 నవంబరు 16న నాటి ప్రకాశం జిల్లాలోని నాగండ్లలో జన్మించాడు. బాల్యంలో అతని మనసు క్రికెట్ మీద ఉండేది. అన్న ప్రోత్సాహంతో బాడ్మింటన్ రాకెట్ పట్టాడు. అన్నదమ్ములిద్దరూ ఆడేవారు. అన్న ఐ.ఐ.టి.లో సీటు సంపాదించి ఆటకు దూరమయ్యాడు. తాను ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో తప్పడం వల్లనే ఆటలో మిగిలిపోయానని గోపీచంద్ అనంతర కాలంలో నవ్వుతూ చెప్పుకొన్నాడు. హైదరాబాదులో ఎస్.ఎం. ఆరిఫ్ వద్ద, ఆపై బెంగళూరులో 1980 నాటి ఆల్ ఇంగ్లండ్ విజేత ప్రకాశ్ పదుకొణె అకాడమీలో శిక్షణ పొందాడు.

1994లో మోకాలికి తగిలిన తీవ్రమైన గాయం అతని ఆటను ప్రశ్నార్థకం చేసింది. శస్త్రచికిత్సలు జరిగాయి. లేచి నడవడం, పరుగెత్తడం, దూకడం ఒక్కొక్కటిగా మళ్లీ అలవరచుకోవలసి వచ్చింది. అటువంటి కాళ్లతోనే 1996 నుండి 2000 వరకు వరుసగా ఐదేళ్లు జాతీయ విజేతగా నిలిచాడు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో జరిగిన ఆల్ ఇంగ్లండ్ పోటీల సెమీఫైనల్లో డెన్మార్క్ వీరుడు పీటర్ గేడ్‌ను, ఫైనల్లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించాడు. ప్రకాశ్ తరువాత ఆ కిరీటాన్ని ధరించిన రెండవ భారతీయుడు అతడే. ఆ గెలుపు తరువాత శీతల పానీయాల ప్రకటనలో నటించే అవకాశం వచ్చింది. తాను తాగని దానిని పిల్లలను తాగమనలేనని అతడు దానిని నిరాకరించాడు. గురువు కాకమునుపే గురుబుద్ధి అతనిలో మేల్కొన్నదనడానికి ఇది నిదర్శనం.

ఆటకు స్వస్తి చెప్పే దశలో గోపీచంద్‌కు ఒక ఆలోచన కలిగింది. గాయపడినప్పుడు తనకు దొరకని వసతులు తరువాతి తరానికి దొరకాలి. 2003లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాల స్థలాన్ని కౌలుకు ఇచ్చింది. స్థలం లభించినా కట్టడానికి ధనం లేదు. చివరకు కుటుంబం ఉన్న ఇంటినే తాకట్టు పెట్టింది. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్ల రూపాయల విరాళమిచ్చి, దేశానికి ఒలింపిక్ పతకం తెమ్మని కోరాడు. 2008లో ఎనిమిది కోర్టులతో అకాడమీ ప్రారంభమైంది. అంతకు రెండేళ్ల ముందే, 2006లో, గోపీచంద్ జాతీయ జట్టు ప్రధాన శిక్షకుడయ్యాడు.

ఆ అకాడమీలో దినచర్య సూర్యోదయానికి ముందే మొదలవుతుంది. శిక్షకుడు నెట్‌కు ఆవల నిలిచి షటిళ్లను ఒకదాని వెంట ఒకటి కోర్టు నాలుగు మూలలకూ విసురుతూ ఉంటాడు. శిష్యుడు ప్రతిదానినీ అందుకొని, కొట్టి, తిరిగి నడుమకు చేరుకోవాలి. చేయి చేసే పని చూసేవారికి కనిపిస్తుంది. నిజానికి ఆట పాదాల కదలికలో ఉంది. అలసిన పాదం ఎక్కడ తడబడుతున్నదో పట్టుకోవడమే శిక్షకుని పని. జంట ఆటగాడిగా వచ్చిన కిదాంబి శ్రీకాంత్‌లో ఒంటరి పోటీలకు తగిన సత్తా ఉన్నదని గుర్తించి, అతనిని ఆ దారికి మళ్లించినది గోపీచందే. 2018 ఏప్రిల్‌లో శ్రీకాంత్ ప్రపంచ ప్రథమ స్థానాన్ని అందుకొన్నాడు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం సాధించింది. బాడ్మింటన్‌లో భారతదేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం. 2016 రియోలో పి.వి. సింధు రజతం గెలిచి, ఒలింపిక్ రజతం పొందిన తొలి భారతీయ మహిళ అయింది. సింధు నెమ్మదస్తురాలు. కోర్టులో గట్టిగా అరవడానికి కూడా బిడియపడేది. అందరి నడుమ నిలబడి అరిచే వరకు రాకెట్ ముట్టవద్దని గోపీచంద్ ఆమెను ఆజ్ఞాపించాడు. ఆమె కన్నీరు పెట్టుకొన్నది, చివరకు అరిచింది. రియోకు ముందు మూడు నెలలు ఆమె ఫోను కూడా ఆయన వద్దనే ఉన్నది. ఈ కాఠిన్యం వెనుక శిష్యురాలి శక్తిపై ఆమెకన్నా మిన్నగా గురువుకు గల నమ్మకం ఉన్నది.

అయితే గురువు మార్గం పూలబాట కాదు. ఒకే గురువు చూపు ఎందరిపై ప్రసరించగలదు? మహాభారతంలో ద్రోణుడు అర్జునుని మేటిని చేయదలచి ఏకలవ్యుని బొటనవ్రేలు అడిగాడు. శ్రేష్ఠుని తీర్చిదిద్దే వేళ మిగిలినవారికి అన్యాయం జరగరాదన్న హెచ్చరిక ఆ కథలో ఉన్నది. 2009లో ద్రోణాచార్య పురస్కారం అందుకొన్న గోపీచంద్‌కూ ఈ పరీక్ష తప్పలేదు. 2014లో సైనా ఆయన శిక్షణను వీడి బెంగళూరులో విమల్ కుమార్ వద్దకు వెళ్లింది. అక్కడ ఉండగానే 2015లో ప్రపంచ ప్రథమ స్థానాన్ని పొందింది. 2017లో తిరిగి గోపీచంద్ వద్దకు చేరింది. వెళ్లిన శిష్యురాలికి తలుపు తెరిచి ఉంచడం కూడా గురుధర్మమే. 2018 కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో సైనా, సింధు తలపడినప్పుడు గెలిచినదీ ఓడినదీ ఆయన శిష్యురాళ్లే.

పతకం రాని పిల్లల మాటేమిటి? 2025 ఫిబ్రవరిలో గోపీచంద్ ఒక ఆంగ్ల పత్రికతో మాట్లాడుతూ, సంపదగాని కుటుంబ వ్యాపారంగాని లేనివారు పిల్లలను క్రీడలలోకి పంపవద్దని తల్లిదండ్రులకు చెబుతున్నానన్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టిన మనిషి నోట ఈ మాట విని పలువురు విస్మయం చెందారు. ఆటకే యౌవనాన్ని అర్పించి శిఖరం చేరలేకపోయిన వందలాది మంది ఆ తరువాత గౌరవప్రదమైన జీవనోపాధి లేక అవస్థ పడుతున్నారన్నది ఆయన వేదన. గెలిచినవారిని లోకం చూసుకొంటుంది, ఓడినవారిని గురించి చింతించేది గురువే.

ఆ చింతకు సమాధానం సమాజం ఇవ్వాలి. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి కూలి కుటుంబంలో పుట్టింది. మేధోపరమైన వైకల్యం గల ఆ బాలిక వేగాన్ని మొదట పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు గుర్తించాడు. అథ్లెటిక్స్ శిక్షకుడు నాగపురి రమేశ్ చేరదీశాడు. గోపీచంద్-మైత్రా ఫౌండేషన్ అండగా నిలిచింది. 2024లో కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో ఆమె 400 మీటర్ల దూరాన్ని 55.07 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం అందుకొన్నది. ముగ్గురు గురువుల చేయూత ఒక్క బాలికను అంత దూరం నడిపించింది. చిల్పూరు మొదలు కల్లెడ దాకా ఓరుగల్లు సీమ పల్లెల మైదానాలలో ఇంకెందరో పరుగెత్తుతున్నారు. వారికి రాకెట్టు, బూట్లు మాత్రమే చాలవు. గెలిచినా ఓడినా తమ బ్రతుకు గురించి ఆలోచించే గురువులు కావాలి.

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. విజేతగా, గురువుగా గోపీచంద్ చేసిన కృషిని వివరించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ద్రోణుని ప్రస్తావన ద్వారా పాఠంలో సూచించిన హెచ్చరిక ఏమిటి?
2. క్రీడలను గురించి 2025లో గోపీచంద్ చేసిన వ్యాఖ్యతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. తాలింఖానాలో నేర్పేవానిని ఏమంటారు?
2. ఆల్ ఇంగ్లండ్ కిరీటాన్ని గెలిచిన తొలి భారతీయుడెవరు?
3. జీవాంజి దీప్తి స్వగ్రామం ఏది?