మతిమరుపు జబ్బు – కంప్యూటర్ తెలివి

ఇంట్లో ముసలివాళ్లు తాళంచెవి ఎక్కడ పెట్టారో మరిచిపోతే "వయసు మీద పడింది" అని ఊరుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కాని నలభై ఏళ్లుగా నడిచిన దారిలో ఇల్లు తప్పిపోవడం, పొయ్యి మీద కూర పెట్టి కూర సంగతే మరిచిపోవడం, కన్నకొడుకు పేరు తడుముకోవడం వయసు వల్ల మాత్రమే వచ్చేవి కావు. మెదడులోని కణాలు క్రమక్రమంగా నశించడం వల్ల ఇలా జరగవచ్చు. ఇటువంటి జబ్బులను మెదడు క్షీణత వ్యాధులు అంటారు. చేతులు వణికించి అడుగును మందగింపజేసే పార్కిన్సన్స్ వ్యాధిని లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వర్ణించాడు. జ్ఞాపకశక్తిని హరించే అల్జీమర్స్ వ్యాధిని జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో లోకానికి తెలియజేశాడు. మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉన్నట్లు 2023లో వెలువడిన ఒక అంచనా. పట్నాల కంటే పల్లెల్లో, మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ. అంటే మన నాయనమ్మలు, అమ్మమ్మలు!

ఇక కంప్యూటర్ సంగతికి వద్దాం. ఎమ్మారై యంత్రం మెదడును పొరలు పొరలుగా ఫొటో తీస్తుంది. మెదడు లోపల రెండు పక్కలా హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. కొత్త జ్ఞాపకాలు నిలవడానికి అది అవసరం. అల్జీమర్స్‌లో అది తొలి దశలోనే కుంచించుకుపోతుంది. బాగా కుంచించుకుపోతే డాక్టరు కంటికి కనబడుతుంది; కొద్దిపాటి తేడాను పట్టుకోవడం కష్టం. అందుకే కృత్రిమ మేధను వాడుతున్నారు. జబ్బు ఉన్నవారివి, లేనివారివి వేలకొద్దీ ఫొటోలు కంప్యూటర్‌కు చూపిస్తారు. ఏది తేడా అని ఎవరూ చెప్పరు, అదే వెతుక్కుంటుంది. మనం ఉప్పల్ రింగురోడ్డులో నిలబడి, బోర్డు కనబడకముందే "మన బస్సు వస్తోంది" అంటాం కదా? ఎవరూ పాఠం చెప్పలేదు. రోజూ చూసి చూసి వచ్చిన తెలివి అది.

అయితే ఆ తెలివి వేరే ఊరి బస్టాండులో పనిచేయదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మెదడు కొలతలు పోల్చడానికి ప్రపంచమంతా ఎక్కువగా వాడుతున్నది కెనడాలోని మాంట్రియల్ సంస్థ తయారుచేసిన నమూనా పటం. అది తెల్లజాతివారి మెదళ్ల ఆధారంగా తయారైంది. మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ప్రొఫెసర్ జయంతి శివస్వామి బృందం ఈ విషయం మీద పనిచేసింది. ముందుగా మూడు ఆసుపత్రులలో మూడు వేర్వేరు యంత్రాలపై ఫొటోలు తీయించి పరీక్షించారు. యంత్రం మారితే ఫొటో తీరు కొంత మారుతుంది. దానిని మెదడు తేడా అని పొరబడకూడదు గదా. ఆ తర్వాత వందమంది భారతీయుల మెదళ్లతో ఒక పటాన్ని రూపొందించి 2019లో ప్రకటించారు. దాని పేరు ఐబీఏ 100. భారతీయుల మెదడు సగటున పొడవు, వెడల్పు, పరిమాణాలలో పాశ్చాత్యుల కంటే కొంచెం చిన్నదని తేలింది. (తెలివి తక్కువ అని ఎవరూ నవ్వనవసరం లేదు, పరిమాణానికీ తెలివికీ అలా లంకె పెట్టకూడదు.) కాని పరాయి కొలబద్దతో కొలిస్తే ఆరోగ్యంగా ఉన్న మన పెద్దావిడ మెదడు "కుంచించుకుపోయింది" అని యంత్రం పొరబడే ప్రమాదం ఉంది.

మాటను బట్టి జబ్బును గుర్తించే కంప్యూటర్లు కూడా తయారవుతున్నాయి. మాటల మధ్య ఆగడం, పదాలు దొరక్కపోవడం లెక్కిస్తాయి. వాటికి శిక్షణ ఇచ్చిన మాటలు చాలావరకు ఇంగ్లీషువే. అందులో బాగా పేరుపడ్డ ఒక బొమ్మ ఉంది: అమెరికా వంటగది, స్టూలెక్కి బిస్కెట్లు దొంగిలించే పిల్లవాడు, పొంగిపొర్లుతున్న సింకు. బొమ్మను చూసి వర్ణించమంటారు. కట్టెల పొయ్యి మీద వండిన అవ్వ ఏమని వర్ణిస్తుంది? మామూలు జ్ఞాపకశక్తి పరీక్షలలోనూ వాక్యం రాయమంటారు, గడియారం బొమ్మ గీయమంటారు. బడి మెట్టెక్కని మనిషికి జబ్బు లేకపోయినా మార్కులు పోతాయి. మా అభిప్రాయంలో యంత్రం కంటే ముందు సరిచేయవలసింది ఈ ప్రశ్నపత్రాన్నే. భారతీయ వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా ఐదు భాషలలో పరీక్షలు తయారుచేయించడం మంచి ప్రారంభం.

మనవారిని మనమే పరిశీలిస్తే కొత్త సంగతులు తెలుస్తాయనడానికి నిమ్స్ ఆసుపత్రే సాక్ష్యం. అక్కడ డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనబడింది! ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే మన హైదరాబాదు కనుకనే ఇది బయటపడింది.

ఒక్క ఫొటో చూసి కంప్యూటర్ తీర్పు చెప్పేస్తుందని అనుకోరాదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ జబ్బు, మనోవ్యాకులత కూడా మతిమరుపులాగే కనబడతాయి. వీటికి మందు ఉంది, రక్తపరీక్షతో మొదటి రెండూ తెలుస్తాయి. కనుక సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పెద్దవారిలో మార్పు కనబడితే నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. పీర్జాదిగూడ నుంచి నిమ్స్‌కు పోవాలంటే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, పంజాగుట్టలో దిగాలి. మరపు ఎప్పుడు మొదలైంది, ఏ పనులు మానేశారు, ఎంతవరకు చదివారు, ఏయే భాషలు మాట్లాడతారు, ఏ మందులు మింగుతున్నారు – ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ వివరాలు ఏ ఎమ్మారై ఫొటోలోనూ ఉండవు.