బాలల ఆటలు – పెంపుడు ప్రాణులు : ఇంటి నుండి మొదలయ్యే ధర్మపాఠం

ఆలయ దర్శనానికి వచ్చే కుటుంబాలలో పిల్లలు లేని కుటుంబం అరుదు. దర్శనం ముగిసి పెద్దలు ప్రసాదంతో మండపంలో కూర్చున్న తరువాత పిల్లలు ఏం చేస్తారో భక్త మహాశయులు గమనించే ఉంటారు. ఖాళీ స్థలం కనబడితే పరుగెత్తుతారు. లేగదూడో కుక్కపిల్లో కనబడితే దాని దగ్గరకు పోతారు. ఎవరూ నేర్పకుండానే వారిలో కలిగే కోరికలివి. ఆరుబయట ఆడాలన్నది ఒకటి, మూగప్రాణితో చెలిమి చేయాలన్నది మరొకటి. ఈ రెండింటినీ పెద్దలు ఎలా పోషించాలి, ఎక్కడ హద్దు గీయాలి అన్నదే ఈ నెల పాఠం.

ఆట అల్పమైనది కాదు

భాగవత దశమస్కంధంలో శ్రీకృష్ణుడు గోపబాలురతో కలిసి దూడలను తోలుకొని వనానికి వెళ్ళడం, యమునాతీరాన అందరితో కలిసి కూర్చొని చల్ది ఆరగించడం మనకు తెలిసిన ఘట్టాలే. అక్కడ పరమాత్మ పిల్లలకు దూరంగా సింహాసనంపై కూర్చోలేదు, వారి ఆటలో ఒకడయ్యాడు. ఆటా, పశువుల కాపరితనమూ అక్కడ వేరువేరు కావు. నేటి పాఠానికి మూలం అక్కడే ఉన్నది.

మహాభారతం ఆదిపర్వంలో మరొక ఘట్టం ఉన్నది. హస్తినాపురం వెలుపల కురుకుమారులు ఆడుకుంటుండగా ఆటవస్తువు బావిలో పడింది. తీయలేక నిలబడిన పిల్లలకు ద్రోణుడు దర్భపుల్లలను ఒకదానికొకటి గుచ్చి దానిని పైకి తీసి ఇచ్చాడు. తెలుగువారు దానిని బంతిగానే చెప్పుకుంటారు. సంస్కృత మూలంలో దానికి ‘వీటా’ అని పేరు. పిల్లలు కర్రతో కొట్టి ఎగురవేసే జానెడు కొయ్యముక్క అని ప్రాచీన వ్యాఖ్యానం. అదే నిజమైతే ఇందూరు పల్లెల్లో మన తాతలు ఆడిన చిర్రగోనె వంటి ఆటనే ఆనాటి రాజకుమారులు ఆడారన్నమాట. బోధన్‌ను పాండవులు తలదాచుకొన్న ఏకచక్రపురంగా స్థానికులు విశ్వసిస్తారు. అటువంటి గడ్డపై పుట్టిన పిల్లలకు ఈ కథ చెప్పి చేతికి కర్ర ఇస్తే ఆట మరింత ఇష్టమవుతుంది.

మన ముంగిళ్ళలోని ఆటలు

1931లో నిజాంసాగర్ నిర్మాణం పూర్తయి కాలువ నీరు పారిన తరువాత ఈ ప్రాంతం చెరకు సీమ అయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర కర్మాగారం వెలసింది. చెరకు బండ్లు బారులు తీరే దారుల వెంట పిల్లలు గడ చీకుతూ, గోలీలు ఆడుతూ పెరిగిన తరాలు అవి. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. బండ్ల సవ్వడి ఆగిపోయింది. పిల్లల ఆటలు మాత్రం ఆగనక్కరలేదు. వాటికి యంత్రమూ అక్కరలేదు, పెట్టుబడీ అక్కరలేదు. కొన్నింటిని ఇక్కడ గుర్తుచేస్తున్నాము.

చిర్రగోనె: మూరెడు కర్ర, రెండు కొనలు చెక్కిన జానెడు బిళ్ళ చాలు. బిళ్ళ కొనపై కర్రతో తట్టి, అది గాలిలోకి లేచినప్పుడు దూరంగా కొట్టాలి. పడిన చోటి నుండి గుంట వరకు కర్రతోనే కొలిచి లెక్క చెప్పాలి. కంటిచూపు, చేతి ఒడుపు, లెక్కలు ఒకేసారి అలవడతాయి. బిళ్ళ కంటికి తగిలితే మాత్రం ప్రమాదం. చుట్టూ నిలబడేవారు పది అడుగులు వెనుకకు ఉండాలన్న నియమాన్ని మొదటిరోజే పెట్టాలి.

ఏడు పెంకులాట: ఏడు పెంకులను ఒకదానిపై ఒకటి పేర్చి, బంతితో పడగొట్టి, ఎదుటి జట్టు బంతితో కొట్టేలోపు తిరిగి పేర్చాలి. ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఒకరు పేరుస్తుంటే మరొకరు ఎదుటివారిని తనవైపు మళ్ళించుకోవాలి. కలిసి పనిచేయడం అంటే ఏమిటో ఈ ఆట చెప్పినంత బాగా ఉపన్యాసం చెప్పలేదు.

తొక్కుడుబిళ్ళ: నేలపై సుద్దతో గళ్ళు గీసి, బిళ్ళ వేసి, ఒంటికాలితో గీత తొక్కకుండా దాటాలి. నిలకడ అలవడుతుంది. గీత తొక్కినవారే ‘తొక్కాను’ అని ఒప్పుకొనే ఆట ఇది. సత్యవాక్యానికి ఇంతకన్నా తేలికైన అభ్యాసం ఏమున్నది?

కోతికొమ్మచ్చి: చెట్టుకింద గీసిన గీత లోపల కర్ర ఉంటుంది. ఒకరు కాలికింది నుండి దానిని దూరంగా విసరగానే మిగిలినవారు చెట్టెక్కుతారు. దొంగ ఆ కర్ర తెచ్చి గీతలో పెట్టి, దిగినవారిని పట్టుకోవాలి. ఎత్తు తక్కువైన, కొమ్మలు గట్టివైన చెట్టునే ఎంచుకోవాలి. వాన వెలిసిన వెంటనే చెట్టు జారుతుంది కనుక ఆనాడు ఈ ఆట వద్దు.

కబడ్డీ: గీసిన గీతా, బిగబట్టిన ఊపిరీ దీనికి పరికరాలు. మన పల్లె మట్టిలోని ఈ ఆట 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో పతకాల ఆటగా స్థానం పొందింది.

ఐదు నుండి పదిహేడేళ్ళ వయసు పిల్లలకు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్ళు అలిసే కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోజుకు ఒక గంట అంటే పెద్ద కోరిక కాదు. పిల్లవాని చేతిలోని ఫోను ఎంతసేపు వెలుగుతున్నదో చూస్తే ఆ గంట ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది. ఇందూరు మైదానంలో తండ్రి వెంట పరుగుతో మొదలుపెట్టిన నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. సిరికొండ మండలం పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్టు శిఖరం చేరింది. ప్రతి బిడ్డా విజేత కానక్కరలేదు. ఆడే అవకాశం మాత్రం ప్రతి బిడ్డకూ ఉండాలి, ఆడపిల్లకు మరీ ముఖ్యంగా.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. వేసవిలో మన జిల్లాలో ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. ఆ నెలలలో ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు తరువాత మాత్రమే ఆడనివ్వాలి. కాలువ గట్టుపై బంతి ఆట కూడదు. చెరకు తోటలో పడిన బంతిని పిల్లలు ఒంటరిగా వెదకరాదు, పెద్దవారు కర్రతో తట్టుకుంటూ వెళ్ళి తేవాలి. పాములు అక్కడ ఎలుకల కోసం తిరుగుతాయి.

సరమ అడిగిన ప్రశ్న

ఇక మూగప్రాణుల మాట. నన్నయ ఆదిపర్వంలో తొలి కథలలోనే ఒక కుక్కపిల్ల ఉన్నది. జనమేజయుని యజ్ఞవాటికలో ఆడుకుంటున్న సారమేయుణ్ణి, ఏ తప్పూ చేయకపోయినా, రాజు తమ్ముళ్ళు కొట్టారు. అది ఏడుస్తూ పోయి తల్లి సరమకు చెప్పుకొన్నది. సరమ రాజు ఎదుటికి వచ్చి తప్పులేని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. అనుకోని భయాలు మిమ్మల్ని చుట్టుకుంటాయని చెప్పి వెళ్ళిపోయింది. అంత పెద్ద ఇతిహాసం ఒక కుక్కపిల్ల ఏడుపును వదలకుండా చెప్పడం మనం గమనించవలసిన విషయం. రాయి తీసిన పిల్లవానికి ఈ కథ చెప్పండి. తిట్టనవసరం లేదు.

పశువును ఇంటి మనిషిగా చూడడం ఈ సీమకు కొత్త కాదు. శ్రావణ బహుళ అమావాస్యనాడు, పొలాల పండుగకు, బోధన్ వైపు పల్లెల్లో ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, ఆంజనేయుని గుడి చుట్టూ తిప్పి, కడుపునిండా పెడతారు. ఆ రోజు వాటిచేత పని చేయించరు. ఎడ్లు తగ్గిపోయిన ఇళ్ళలో నేడు కుక్క, పిల్లి, కుందేలు ఆ చోటికి వస్తున్నాయి.

తెచ్చుకొనే ముందు

పిల్లవాడు అడిగిన మరునాడే కుక్కపిల్లను తేవడం వాత్సల్యం అనిపించుకోదు. కుక్క పది పన్నెండేళ్ళు, పిల్లి అంతకన్నా ఎక్కువ బ్రతుకుతాయి. నేడు పదేళ్ళ బాలుడు ఇంటర్మీడియెట్ ముగించి పై చదువులకు పోయినా ఆ ప్రాణి ఇంట్లోనే ఉంటుంది. కనుక ముందుగా ఇంటివారందరూ కూర్చొని నాలుగు మాటలు తేల్చుకోవాలి. రోజూ పెట్టేదెవరు? పడుకొనే చోటు ఎక్కడ? వైద్యం ఖర్చు భరించగలమా? కుటుంబమంతా యాత్రకు వెళ్ళినప్పుడు చూసుకొనేదెవరు? నాలుగింటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా ప్రస్తుతానికి తేవద్దు. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను తల్లి నుండి వేరుచేయవద్దు.

రామచిలుకను పంజరంలో పెంచడం చట్టవిరుద్ధం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని రక్షిస్తున్నది. నక్షత్ర తాబేలు కూడా అంతే. అదృష్టం తెస్తుందన్న మాట నమ్మి దానిని కొనడం నేరమవుతుంది. చిలుకను చూడాలనుకుంటే మిద్దెపై నీళ్ళ మూకుడు, గుప్పెడు జొన్నలు పెట్టండి. అదే వస్తుంది, తనంతట తానే పోతుంది.

నిత్యపోషణ

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, ఆపై పశువైద్యులు చెప్పినట్లు ఏటా కొనసాగించాలి. నులిపురుగుల మందు వేళకు పట్టించాలి. వేసవి మధ్యాహ్నం సిమెంటు దారిపై నడిపిస్తే వాటి పాదాలు కాలుతాయి. మన అరచేతిని ఐదు లెక్కించేవరకు నేలపై ఆనించలేకపోతే అదీ నడవలేదని గ్రహించాలి.

భక్తులకు ఒక ముఖ్య విషయం. లడ్డూ ప్రసాదాన్ని ప్రేమతో కుక్కలకు పెట్టేవారున్నారు. లడ్డూలోని ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేయగలదు. ద్రాక్ష, ఉల్లి, చాక్లెట్ కూడా వాటికి విషంవంటివే. దయతో పెట్టినా విషం విషమే. ఉప్పు కారం లేని అన్నమో, రొట్టెముక్కో పెట్టి, పక్కన శుభ్రమైన నీరు ఉంచితే చాలు.

గీరినా దాచకూడదు

పిల్లలకు తప్పక నేర్పవలసినవి: తింటున్న కుక్కను, పిల్లలకు పాలిస్తున్న కుక్కను తాకకూడదు. కొత్త కుక్క ఎదురైతే పరుగెత్తకూడదు, అరవకూడదు. కదలకుండా నిలబడి మెల్లగా వెనుకకు జరగాలి.

కుక్క కరిచినా, పిల్లి గీరినా గాయాన్ని వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు పండే సీమ కనుక గాయం కనబడగానే పసుపు అద్దడం మనకు అలవాటు. ఈ గాయానికి పసుపు గానీ, కారం గానీ, సున్నం గానీ పెట్టరాదు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళి వైద్యులు చెప్పిన టీకాలన్నీ పూర్తిచేయాలి. రెండు సూదులతో ఆపరాదు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం, ముందుగా టీకా వేయిస్తే ఆ జబ్బు రాకుండా ఆపవచ్చు. పిల్లలు చాలాసార్లు తిడతారన్న భయంతో గాయాన్ని దాస్తారు. అందుకే ‘ఏమైనా చెప్పు, నిన్ను తిట్టను’ అన్న మాట వారికి ముందే ఇచ్చి ఉంచండి. ఆ ఒక్క మాట ఒక ప్రాణాన్ని నిలుపవచ్చు.

నాయనమ్మ చెప్పిన మాట

ఈ వ్యాసకర్త బాల్యం బోధన్ సమీపాన ఒక చెరకు పల్లెలో గడిచింది. చెరకు బండి కింద దొరికిన కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకొని పెంచాను. ఒక వానాకాలం చెల్లెలి అక్షరాభ్యాసానికి ఇంటిల్లిపాదీ బాసర బయలుదేరాము. సాయంత్రానికి వస్తామన్న ధీమాతో దానిని కొట్టంలో కట్టి, గిన్నెడు అన్నం పెట్టి వెళ్ళాము. వాన పట్టుకొని తిరిగి రావడానికి మూడు రోజులు పట్టింది. వచ్చేసరికి కొరికిన తాడు మాత్రం గుంజకు వేలాడుతున్నది. ఎంత వెదకినా అది దొరకలేదు. ‘మనల్ని విడిచిపోయింది’ అని నేను ఏడుస్తుంటే బాపు తల వంచుకొన్నాడు. నాయనమ్మ మాత్రం నన్ను దగ్గరకు తీసుకొని ‘అది మనల్ని ఇడిసి పోలేదు బిడ్డా, మనమే దాన్ని ఇడిసి పోయినం’ అన్నది. ఆ రాత్రే ధర్మరాజు కథ చెప్పింది.

మహాప్రస్థానంలో తమ్ముళ్ళు, ద్రౌపది నేలకొరిగిన తరువాత ధర్మరాజు వెంట మిగిలింది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి స్వర్గానికి రమ్మన్నాడు, కుక్కను మాత్రం విడువమన్నాడు. నమ్మి వెంట వచ్చినదానిని విడిచి వచ్చే స్వర్గం నాకు వద్దన్నాడు ధర్మరాజు. ఆ కుక్క యమధర్మరాజే అని అప్పుడు తెలిసింది. ధర్మరాజు కుక్కకోసం స్వర్గాన్నే కాదనుకొన్నాడు. మేము దేవుణ్ణి చూడడానికి కుక్కను కట్టేసి వెళ్ళాము. ఆ తేడా నాకు ఆ రాత్రి అర్థమైంది, నేటికీ మరువలేదు.

పెంచలేమని ఆలయ ద్వారాల వద్ద కుక్కపిల్లలను, పాలు తగ్గిన ఆవులను విడిచిపోయే అలవాటు కొన్ని చోట్ల కనిపిస్తుంది. దేవుడు చూసుకుంటాడని వారి భావన. దేవుడు వాటిని చూసుకొమ్మని మనకే ఇచ్చాడు. దానం చేయదలచినవారు వేసవిలో తమ వీధిలో ఒక నీటితొట్టి పెట్టి, దానిని రోజూ నింపే పనిని ఇంట్లోని పిల్లవానికి అప్పగించండి. దానం మీదవుతుంది, ధర్మం వాడికి అలవడుతుంది.

పిల్లలతో కలిసి ఆలోచించవలసిన ప్రశ్నలు

1. సరమ బిడ్డ చేసిన తప్పేమిటి? రాజు తమ్ముళ్ళ స్థానంలో నీవుంటే ఏం చేసేవాడివి?
2. తొక్కుడుబిళ్ళలో ఎవరూ చూడనప్పుడు గీత తొక్కితే ఏం చేయాలి?
3. చిర్రగోనె ఆడేటప్పుడు చూసేవారు ఎంత దూరంలో నిలబడాలి? ఎందుకు?
4. కుక్క గీరితే మొదట చేయవలసిన పని ఏది? ఎవరికి చెప్పాలి?
5. మన కుటుంబం మూడు రోజులు యాత్రకు వెళితే మన ఇంటి ప్రాణికి అన్నం, నీరు పెట్టేదెవరు?

చివరి ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతే ప్రయాణపు సంచి సర్దండి. యాత్ర నిర్విఘ్నంగా సాగుతుంది.