ఇద్దరు నిజాంలు - మనకో పాఠం

నిజాం పేరెత్తితే మన జిల్లాల్లో కొందరు పొగుడుతారు, కొందరు తిడతారు. రెండూ పక్కన పెట్టి చివరి ఇద్దరు పాలకులను పోల్చి చూద్దాం. మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1869 నుంచి 1911 వరకు, ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1948 వరకు ఏలారు. ఇద్దరి కాలంలోనూ ఫర్మానాయే చట్టం.

తండ్రిది ఇచ్చే చెయ్యి. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు నిరాశ్రయులకు తన మహల్ తలుపులు తెరిచారు. కుమారునిది కట్టే చెయ్యి. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైంది. వరదను ఆపడానికి ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. దానం ఆ పూట ఆదుకుంది. కట్టడం తరతరాలకు అక్కరకొచ్చింది.

అయితే ఇద్దరి పాలనలోనూ ఒకటే లోటు: నిలదీసి అడిగే హక్కు జనానికి లేదు. ఆదిలాబాద్ అడవుల్లో గోండుల భూములు పోతుంటే వారి గోడు విన్నవారు లేరు. ఎదురు తిరిగిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పుల్లో అమరుడయ్యాడు. ఆ తర్వాతే ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను పంపి వారి కష్టాలు తెలుసుకుంది, పట్టాలిచ్చింది. ఆ వినడమేదో ముందే జరిగి ఉంటే?

ఖుర్ఆన్‌లో 42వ సూరా పేరే షూరా, అంటే సంప్రదింపు. రాజ్యాధికారం ఎంత అమానతో, మన చేతిలోని జకాత్ సొమ్మూ అంతే అమానత్. వితంతువుకు కుట్టుమిషన్ ఇచ్చే ముందు, ఆమెకేం కావాలో ఆమెనే అడుగుదాం.