హెన్రీ పర్వతములకు పోవు మేనల్లునికి



హెన్రీ పర్వతములలో ఆడబైసన్ వేటకై యూటా రాష్ట్రము వారు తీసిన లాటరీలో నీ పేరు వచ్చినదని తెలుపు లేఖయు, దానితో నీవు జతపరచిన సామగ్రి పట్టికయు చేరినవి. ఆ రాష్ట్రమున ఈ అనుమతి మనుష్యునకు జీవితకాలములో ఒక్క పర్యాయము మాత్రమే లభించునదియు, ఏటేట దరఖాస్తు పెట్టి, రానప్పుడెల్ల ఒక్కొక్క బోనస్ పాయింటు కూడబెట్టుకొనుచు, తల నెరయు వరకు ఎదురుచూచువారు అనేకులు గలదియు నగుట నీవెరుగుదువు. కావున నీ సంతోషము న్యాయమైనదే. కాని పట్టిక చూచిన పిమ్మట నేను ఊరకుండలేకపోతిని. అందు మూడువంతులు తుపాకియు, దానిపై నమర్చు దుర్భిణియు, తూటాలును, వాని కొరకైన పెట్టెలును. మృగము నేలకొరిగిన తరువాత పనికివచ్చునవి ఒక కత్తియు ఒక టార్చిలైటును మాత్రమే. ఈ పట్టికను తలక్రిందులు చేయవలెను. ఈ వేటలో తుపాకి పని క్షణకాలము, తక్కిన పని యంతయు మాంసముది. కనుక ఏర్పాటును కడనుండి మొదలుపెట్టి వెనుకకు నడుపవలెను. మాంసము ఎవరెవరి ఫ్రీజర్లలోనికి పోవును, అంతదూరము ఏ బండిలో పోవును, ఆ బండివరకు ఎవరి వీపుపై వచ్చును అను మూడు ప్రశ్నలకు సమాధానము కుదిరిన పిమ్మట మాత్రమే తుపాకి మాట తలపెట్టుము.

ఆడుది గదా, చిన్నదిగా నుండునని భ్రమపడకుము. మగ బైసన్ 2000 పౌన్ల వరకు, అనగా దాదాపు 900 కిలోల వరకు తూగును. ఆడుది దానిలో సగమునకు అటునిటుగా నుండును. తోలును, ఎముకలును, ప్రేవులును పోగా ఆ ఆడుదాని నుండి వచ్చు మాంసమే 300 పౌన్ల ప్రాంతమున నుండును. పగలెల్ల కుర్చీలో కూర్చుండి కంప్యూటరు పని చేసికొను నీవంటి వాడు మంచుపట్టిన కొండవాలున ఒకసారికి మోయదగినది 60 పౌన్లే యనుకొందము. మాంసమునకే ఐదు మోతలైనవి. బండికి మైలు దూరమున మృగము పడినచో, ఒంటరివాడు ఐదు మోతలకు తొమ్మిది మైళ్లు నడువవలెను, అందైదు మైళ్లు బరువుతో. తలయు తోలును కావలెనన్న కోరిక యున్నచో వానికి వేరుగా లెక్క వేసికొనుము. పచ్చితోలు ఒక్కటియే బలిష్ఠుని సైతము క్రుంగదీయును. అందుచేత నీ పట్టికలో మొదటి వస్తువు వస్తువే కాదు, ముగ్గురు మనుష్యులు. వారు బలవంతులై యుండవలెను, చలికి ఓర్చువారై యుండవలెను, మూడు దినములు సెలవు దొరకువారై యుండవలెను. వచ్చి ఫోటోలు తీసికొని మధ్యాహ్నమునకు ఇల్లు చేరవలెనను వారిని ముందే వదలుము.

ఇక కత్తుల మాట. బైసన్ ధూళిలో పొరలాడు జంతువు. దాని ఉన్ని నిండ నిసుకయు మట్టియు నిండియుండును. వెంట్రుకల మీదుగా కోసినచో ఎంత మేలైన అంచైనను శీఘ్రముగ మొద్దువారును. కావున మొదటి గాటు పెట్టిన తరువాత కత్తి మొన తోలు క్రిందికి దూర్చి, లోపలినుండి వెలుపలికి కోయుట అలవరచుకొనుము. మనిషికొక కత్తి గాక రెండు అదనముగ నుండవలెను, సానపట్టు పనిముట్టు చేతికందునట్లు ఉండవలెను. పొట్ట చీల్చకయే మాంసము తీయు పద్ధతి ఒకటి కలదు. పెద్ద మృగములకు నా దృష్టిలో అదియే శ్రేష్ఠము. వెన్ను వెంబడి తోలు చీల్చి ఒక ప్రక్కకు ఒలిచి, ముందుకాలు, వెనుకకాలు, వెన్నుకండ, మెడమాంసము తీసి, పిమ్మట మృగమును రెండవ ప్రక్కకు త్రిప్పి అట్లే చేయుదురు. లోపలి మెత్తని నడుముకండను మాత్రము చివరి ప్రక్కటెముక వెనుకగా గంటు పెట్టి చేయి దూర్చి లాగుదురు. త్రిప్పుట యని ఒక్క మాటలో వ్రాసితిని గాని, ఆ బరువును త్రిప్పుటకు గట్టి తాళ్లును, ఒక కప్పీయు, కాళ్లను లాగి కట్టుటకు చెట్టో రాయో కావలెను. మాంసము పరచుటకు టార్పాలిన్, గాలి యాడు పలుచని నూలుసంచులు పదివరకు, రబ్బరు చేతొడుగులు, మోయుటకు లోహపు చట్రముగల వీపుసంచులు మనిషికొకటి, తలకు కట్టుకొను దీపములు, వానికి మారు బ్యాటరీలు: ఇవి యెల్ల ఉండితీరవలెను. శీతకాలపు పగళ్లు పొట్టివి; పని సగములో నుండగనే చీకటి పడును.

చలికాలము గదా, మాంసమునకేమి భయమని నీవడుగవచ్చును. అనేకులు మోసపోవునది అచ్చటనే. బైసన్ తోలు వెచ్చదనమును ఎంతగా పట్టియుంచుననగా, మంచు దాని వీపుపై కురిసి కరగక అట్లే నిలుచును. ఆ తోలుతో నుంచినచో వెలుపల నీరు గడ్డకట్టుచున్నను లోపల తొడయెముక చుట్టు మాంసము పులిసిపోవును. వెంటనే ఒలువవలెను, వెంటనే భాగములు చేయవలెను, చల్లగాలి తగులనీయవలెను. తొందర యెంతయున్నను చేయి నరకుకొనకుము. ఆ కొండలనుండి ఆసుపత్రి దూరము. అనుమతి చీటిని నియమము ప్రకారము కళేబరమునకు కట్టుటయు, ఆడుదియని తెలుపు గుర్తును మాంసమున కంటియుండునట్లు విడుచుటయు చట్టవిధులు. అలసిన చేతులతో ఆ గుర్తు కోసి పారవేసికొనువారు కలరు. తోలు దాచదలచినచో ఉప్పుబస్తా బండిలో నుంచుము.

ఇక ఆ చోటు గూర్చి. యూటా ఆగ్నేయపు ఎడారి నడుమ ఒంటరిగ లేచిన ఈ పర్వతములు, అలాస్కాను విడిచి చూచినచో, అమెరికా సంయుక్తరాష్ట్రములలో పటమునకెక్కిన కడపటి పర్వతశ్రేణి. స్మిత్సోనియన్ సంస్థకు కార్యదర్శిగానుండిన జోసెఫ్ హెన్రీ పేర వీనికా నామము కలిగినది. ఎత్తైన ఎల్లెన్ శిఖరము 11,500 అడుగులను మించును. హాంక్స్‌విల్లు అను చిన్న యూరిలో పెట్రోలు నింపుకొనిన పిమ్మట మరల దొరకునను ఆశ పెట్టుకొనకుము. అచ్చటినుండి సాల్ట్‌లేక్ నగరము నాలుగు గంటల ప్రయాణము. మాంసము ఆ దారిన రావలెను గనుక ఐసుపెట్టెలు లేకుండ పోవలదు. అక్కడి మట్టిబాటలు ఎండినప్పుడు రాతివలె నుండి, తడిసినంతనే చక్రములను కదలనీయవు. బుల్ క్రీక్ కనుమ దారి పదివేల అడుగుల పైచిలుకు ఎత్తున పోవును; మంచు పడినచో అది మూతపడును. నాలుగు చక్రములకు శక్తినందు బండి, టైర్లకు గొలుసులు, రెండు మారు టైర్లు, పెద్ద జాకీ, పార, త్రాగునీరు, ఉపగ్రహము ద్వారా సందేశము పంపు పరికరము కావలెను. సెల్‌ఫోను నమ్మదగినది కాదు. నీవు కొనదలచిన దుర్భిణి వెలలో నాలుగవవంతు తగ్గించినచో, బండి తప్ప, వీనిలో చాలవరకు వచ్చును.

ఆ మంద అచ్చటికి వచ్చిన చరిత్ర నీవు తెలిసికొని పోవలెనని నా కోరిక. పందొమ్మిదవ శతాబ్దమున ఈ ఖండపు మైదానములలో కోట్లకొలది తిరిగిన బైసన్లు, తోళ్ల వ్యాపారము చేతను, రైలుమార్గముల చేతను, వానిపైననే జీవించు లకోటా మొదలగు స్థానికజాతులను లొంగదీయవలెనను రాజకీయము చేతను ఎంతగా నశించెననగా, జంతుశాస్త్రజ్ఞుడైన విలియం హార్నడే 1889లో ప్రకటించిన లెక్కలో ఉత్తర అమెరికా యంతటను మిగిలినవి 1091 మాత్రమే. వానిలో అడవి స్వేచ్ఛతో యెల్లోస్టోన్ జాతీయవనము‌లో దాగి మిగిలిన కొద్ది మృగముల రక్తము నీవు చూడబోవు మందలో కలదు. 1941లో యెల్లోస్టోన్ నుండి పదునెనిమిదింటిని, మరుసటియేట మరి అయిదు మగమృగములను తెచ్చి రాబర్స్ రూస్ట్ ఎడారిలో విడిచిరి. అవి తమ యిచ్చ వచ్చినట్లు డర్టీ డెవిల్ నది దాటి, క్రమముగ ఈ కొండలకెక్కి స్థిరపడెను. కంచె లేదు, మేతవేయువాడు లేడు. తోడేళ్లు లేని ఆ చోట మంద పెరుగుచునే యుండును. అదే గడ్డిని పశువుల పెంపకందారులును వాడుకొనుచున్నారు. అందువలన మంద సంఖ్యను ఒక హద్దులో నుంచుటకు వేట సాధనమైనది. నీ అనుమతి ఆ ఏర్పాటులోనిదే గాని పరాక్రమమునకు బిరుదు కాదు. మగమృగమునకు గాక ఆడుదానికి వచ్చినదని నీ లేఖలో కొంచెము చిన్నబోయినట్లు తోచినది. మంద సంఖ్యను నిలుపునది ఆడుదాని వేటయే. మాంసము కూడ దానిదే మృదువు.

యెల్లోస్టోన్ దారి ప్రక్కన యాత్రికులను లెక్కచేయక నిలుచు బైసన్లను చూచి, ఇవియు నట్లే నిలుచుననుకొనకుము. హెన్రీ మంద మనిషి వాసన తగిలినంతనే లేచి మైళ్లకొలది పరుగిడును. గంటకు 35 మైళ్ల వేగము వానికి సులభము. వాని కంటికంటె ముక్కు చురుకు. గాలి నీ ముఖమునకు తగులునట్లు నడువుము, లేనిచో నడువకుము. వేటకు ముందు వేసవి చివర ఒకసారి, ఋతువు ఆరంభమునకు ముందొకసారి పోయి నీటిచోట్లు, పాతబాటలు చూచి రమ్ము. మగదానిని ఆడుదానిని గుర్తించుట తేలిక కాదు: మగదాని కొమ్ములు మొదట లావై తల త్రికోణముగ కనబడును, ముంగాళ్లపై ఉన్ని గుబురుగ వ్రేలాడును, పొట్ట క్రింద వెంట్రుకల కుచ్చు ఉండును, ఆడుదాని కొమ్ములు సన్నములై లోపలికి వంగును. లేబ్రాయపు మగది ఆడుదానివలె భ్రమగొల్పును. సందేహమున్నచో కాల్పు లేదు.

తుపాకి గూర్చి కొద్దిగనే చెప్పెదను. అలాస్కా రాష్ట్రము వారు బైసన్ వేటకు కోరు కొలత, 200 గ్రెయిన్లకు తక్కువ కాని గుండు, 100 గజముల దూరమున 2000 ఫుట్‌పౌన్ల శక్తి. యూటా అంత కోరకపోయినను ఆ కొలత వివేకమైనది. పాతకాలపు థర్టీ-ఆట్-సిక్స్ రైఫిలు తగిన గుండుతో దానినందుకొనును. నీవు వ్రాసిన భారీ మాగ్నం నీకు అనవసరము. దాని తాకిడికి భయపడి కన్ను మూసి కాల్చువాని కంటె, చిన్నదానిని స్థిరముగ కాల్చువాడు మేలు. చీలిపోక లోతునకు దిగు గుండు ఎన్నుకొని, మోకాలిపై కూర్చుండియు, ఊతకర్రపై నానించియు సాధన చేయుము. కాల్పుల మైదానపు బల్లపై సాధించిన గురి కొండపై నిలువదు.

బైసన్ మూపురము గురిని మోసగించును. అచ్చట ఉన్నది నిడుపైన వెన్నుముళ్లును కండయు. గుండెయు ఊపిరితిత్తులును క్రిందనున్నవి. ముంగాలి వెనుకగ, దేహపు క్రింది మూడవవంతున గురి పెట్టవలెను. తగిలిన పిమ్మటను అది కదలక నిలిచియుండవచ్చును. తగులలేదని భ్రమసి గురి మార్చి మరియొక దానిని కొట్టినచో అది నేరము. వెనుక వేరొక మృగము నిలిచియుండగ కాల్చవలదు, గుండు దూసుకొనిపోవును. మంద గుంపుగ నున్నప్పుడు నీ మృగము విడివడు వరకు వేచియుండుము. సూర్యాస్తమయము సమీపించినప్పుడును, లోయ అడుగున నున్నప్పుడును, బండికి రెండు మైళ్లు దాటినప్పుడును చేయి తుపాకిపై నుండి తీయుము.

నీకు పౌరసత్వము కలదు గాని, నీ తోడు రాదలచిన మిత్రులలో హెచ్-1బి వీసాపై నున్నవారు కలరు గదా. వలస రాని వీసాదారులకు తుపాకి చేతబట్టుట కేంద్రచట్టము నిషేధించినది. వేట లైసెన్సు కలవారు మొదలగు కొందరికి మినహాయింపు కలదు. కావున తుపాకి నీ చేత తప్ప ఎవరి చేతను ఉండకూడదు. వారికి మోతయు కత్తియు చాలు. నీ బదులు మరియొకడు కాల్చుటకును వీలులేదు. చట్టమడిగినను అడుగకున్నను అందరును నారింజరంగు చొక్కాయు టోపీయు ధరింపుడు.

అక్కయ్యకు ఈ సంగతి నీవే చెప్పుము, నా నోట చెప్పింపకుము. ఆమె దృష్టిలో ఇది గోమాంసమునకు దగ్గరిదే యగును. శాస్త్రవాదములతో ఆమెను ఓడింప ప్రయత్నింపక, ఆమె వచ్చినప్పుడు వేరు పాత్ర వాడుము. ఫోటోలు కుటుంబపు వాట్సాప్‌లో పెట్టకుము. మృగముపై కాలు మోపి నిలుచు ఫోటో అసలు తీయించుకొనకుము. అడవి మాంసము అమ్ముట చట్టవిరుద్ధము, పంచుట ధర్మము. కొవ్వు తక్కువ గనుక తొందర మంటపై ఎండిపోవును. కాలిమాంసమును సన్నని సెగపై ఇగురుగా గంటలకొలది ఉడుకనిమ్ము.

క్రొత్త తుపాకికి డబ్బు కట్టకముందు, నీతో వచ్చువారు ముగ్గురెవరో, మాంసము నింపుటకు ఎన్ని ఫ్రీజర్లు ఖాళీగ నున్నవో నాకు వ్రాయుము. ఆ జాబు వచ్చిన పిమ్మట నా కప్పీయు తాళ్లును పంపెదను.

ఇట్లు,
నీ మేనమామ