మునిగిన యుద్ధనౌకలు: పర్యావరణ ప్రమాదము

పామిడిముక్కల, గుడివాడ సంతలకు వచ్చు సముద్రపు చేప బంగాళాఖాతపుదే. కనుక ఆ జలగర్భమున నేమున్నదో కృష్ణాతీరవాసియు నెరుంగవలెను. 1944లో జలప్రవేశము చేసి, అమెరికా నౌకాదళమున ‘డయాబ్లో’గా నుండి, 1964లో పాకిస్తాను చేతికి వచ్చిన ఘాజీ జలాంతర్గామి, టార్పెడోలను, నీటి మందుపాతరలను మోసికొనివచ్చి, 1971 డిసెంబరు 3–4 నడుమ రాత్రి విశాఖ రేవు చేరువ మునిగినది. భారత నౌకాదళపు రాజ్‌పుత్ నౌక ముంచినదని మనవారు, స్వీయవిస్ఫోటనమని పాకిస్తానువారు అందురు. 1944 ఫిబ్రవరి 11న మునిగిన జపాను జలాంతర్గామి ఆర్ఓ-110 కూడ ఆ సమీపజలములదే.

ఉప్పునీరు ఉక్కు తొడుగును దశాబ్దములపాటు మెల్లగా తినివేయగా, డీజిలు, బ్యాటరీల సీసము వెలికి వచ్చును; పేలుడుపదార్థమగు టి.ఎన్.టి. కరగి ఆల్చిప్పల, చేపల దేహములందు చేరునని బాల్టిక్ సముద్ర పరిశోధనలు తేల్చినవి. అచ్చటనే, బోర్న్‌హోమ్ ద్వీపము చెంత, రెండవ ప్రపంచయుద్ధానంతరము పారవేసిన రసాయనాయుధముల మస్టర్డ్ విషము పైన గట్టిపడి, లోన చావక, గడ్డలుగా వలలకెక్కి జాలరుల చేతులను కాల్చినది. ఇంతకన్న ఘోరమైన వారసత్వము వేరొకటి కలదా?

పరీక్షార్థులు ముఖ్యముగా గుర్తింపవలసినది: నౌకాశిథిలముల తొలగింపునకై 2007లో నైరోబీయందు కుదిరి, 2015 ఏప్రిల్ 14న అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక, సభ్యదేశము తానై కోరిననే తప్ప, యుద్ధనౌకలకు వర్తింపదు.