నిర్ణయమునకు ముందు విచారణ

12వ శతాబ్దమున కల్యాణమందలి అనుభవ మంటపమున శూన్య సింహాసనాసీనుడైన అల్లమప్రభువు, వచ్చినవారిని ప్రశ్నింపక అంగీకరించువాడు కాడు. అక్క మహాదేవి అంతటి విరాగినికిని ఆ ప్రశ్నలు తప్పలేదని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. చాకలి మాచయ్య, పడవ నడుపు చౌడయ్య మొదలగువారి మాటకును అచ్చట చోటుండెను. ఈ పద్ధతి ఆత్మవిచారమునకే గాక పొలపు గట్టు మీది విచారమునకును పనికివచ్చును.

నాయుడుపేట సీమకు ఇది దూరపు మాట కాదు. స్వర్ణముఖికి దిగువన, వాకాడు, కోట వైపు తీరమున 1990వ దశకపు తొలి యేండ్లలో రొయ్యల సాగు విరివిగా వ్యాపించెను. పొరుగువాని లాభమును కన్నులార చూచి పలువురు వరిమళ్ళను గుంటలుగా త్రవ్వించిరి. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి సోకి టైగరు రొయ్య పెంచినవారు మిక్కిలి నష్టపోయిరి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, సేద్యపు భూములను రొయ్యల గుంటలుగా మార్చరాదనియు, పులికాటు సరస్సునకు 1000 మీటర్ల లోపల అట్టి గుంటలు ఉండరాదనియు తీర్పు చెప్పెను.

లాభము కోరుట ఇందు దోషము కాదు. "ఎంత వచ్చును?" అను ఒక్క ప్రశ్నతోనే విచారణ ముగియుట దోషము.

తప్పినచో వెనుకకు మరలవచ్చునా అనునది మొదట అడుగదగినది. కొన్న యెద్దును అమ్మవచ్చును; ఉప్పునీరు ఇంకిన మడి మరునాటికి వరిమడి కాదు. మరలరాని పనికి నెలల విచారణ అవసరము. పిదప, ఈ వార్త తెచ్చినవా డెవడు? రొయ్యపిల్లను, మేతను అమ్మువానికి రైతు గెలిచినను ఓడినను బేరము దక్కును. అతడు అసత్యమాడుననుట కాదు. అతనికి తెలిసినది సగమే. నష్టపోయినవాడు తన కథ చెప్పుటకు బజారునకు రాడు. వాని యింటికి పోయి, ఎరువుగా తెచ్చిన సొమ్మెంత, తీరినదెంత, ప్రక్క బావి నీరు ఏమైనది అని అడిగి తెలిసికొనవలెను. ఈ ఒక్క ప్రయాణమును తప్పించుకొనువారే ఎక్కువ.

నష్టము మోయవలసినవారందరును ఆ విచారణలో కూర్చుండవలెను. కుదువకు పోవు నగ ఇల్లాలిది, పోవు నాట్ల కూలి పనివారిది. వారి నడుగకుండ యజమాని యొక్కడే తలయూపుట ఇప్పటికిని కలదు.

2005 నాటి చట్టము తీరప్రాంతపు సాగునకు నమోదును విధించెను. 2009 తరువాత వనామి రొయ్య వచ్చెను. రకము మారినను ప్రశ్నలు మారలేదు. ఎంత సొమ్ము పోయినచో పని విరమింపవలెనో ఆ అంకెను తేదీతో సహా, మొదటి గుంట త్రవ్వక పూర్వమే ఇంటి లెక్కల పుస్తకమున వ్రాసి, అందరిచేత చదివింపవలెను.