మరక పోవాలి, మాట నిలవాలి

మన వైపు పాత ఇంటిని బాగుచేయించడం మొదలుపెడితే ముందు మాయమయ్యేవి బండలూ సున్నమే. తాడిపత్రి బండల చోటికి టైల్స్ వస్తాయి. సున్నం గోడకు పుట్టీ పెట్టి ప్లాస్టిక్ పెయింటు వేస్తారు. ఏ షాపుకెళ్లినా మనం అడిగేది ఒకటే: "మరక పడితే పోతుందా?" అవతలి నుంచి వచ్చే జవాబూ ఒకటే: "తడిగుడ్డ పెడితే చాలక్కా!"

ఆ జవాబును చట్టం గాలిమాటగా వదిలేయదు. అయితే అది నిలబడాలంటే మన వైపు నుంచి చేయాల్సిన పని కొంత ఉంది. హిందూపురం, ధర్మవరం, పెనుకొండల్లో ఇల్లు బాగుచేయించుకునేవాళ్లకు ఎదురయ్యే చిక్కులను మూడు ప్రశ్నలుగా కూర్చి, ఒక్కోదానికి జవాబు చెబుతాను.

ప్రశ్న 1 (హిందూపురం): బెంగళూరులో టైల్స్, వంటింటి గట్టుకు నల్లబండ కొన్నాం. ఏ మరకైనా తుడిస్తే పోతుందన్నారు. మూడు నెలలకే టైల్స్‌కు పసుపు పట్టింది. గట్టు మీద తెల్లమచ్చలు పడ్డాయి. అడిగితే బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంది చూడమంటున్నారు. ఏం చేయాలి?

ముందు ఆ తెల్లమచ్చల సంగతి. మీరు కొన్న నల్లబండలాంటి కడప, తాడిపత్రి, బేతంచర్ల బండలు సున్నపురాయి జాతివి. చింతపండు పులుసు, నిమ్మరసం, ఆసిడ్ ఏది పడినా పైపొరను తినేస్తుంది. మీరు చూస్తున్నది మురికి కాదు, రాయి కరిగిన గుర్తు. ఎంత సబ్బు పెట్టి రుద్దినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. గ్రానైట్ అయితే పులుపుకు ఇంత తొందరగా లొంగదు. మరి రోజూ చారు కాచే వంటింటికి ఆ బండ ఇవ్వడం షాపువాళ్ల తప్పేనా? మీరు కొనేటప్పుడు ఏం చెప్పారన్నదాన్ని బట్టి ఉంటుంది.

1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో మామూలు సూత్రం కొనేవాడే చూసుకోవాలన్నది. సెక్షన్ 16 దానికి మినహాయింపు ఇచ్చింది. సరుకు దేనికోసమో మీరు చెప్పి, అమ్మేవారి అనుభవం మీద ఆధారపడి కొంటే, అది ఆ పనికి పనికొచ్చేదై ఉండాలి. ఇది బిల్లులో రాయకపోయినా ఉన్నట్టే లెక్క. "మంచి నల్లబండ ఒకటి ఇవ్వన్నా" అని తెచ్చుకుంటే ఈ రక్షణ బలహీనపడుతుంది. "వంటింటి గట్టుకు, చింతపండూ నిమ్మకాయా పడతాయి, ఏది నిలుస్తుందో నువ్వే చెప్పు" అంటే బాధ్యత షాపు మీదికి వెళుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. మీరే ఫలానా బ్రాండు కావాలని పేరు పెట్టి అడిగి తీసుకుంటే, మీ ప్రత్యేక అవసరానికి అది సరిపడాలన్న ఈ షరతు వర్తించదు. అందుకే ముందు పని చెప్పండి. పేరు వాళ్లనే చెప్పనివ్వండి.

ఇక "తుడిస్తే పోతుంది" అన్న మాట. "మా టైల్స్‌కు తిరుగులేదు" అనడం వ్యాపార పొగడ్త. "పసుపు మరక తడిగుడ్డతో పోతుంది" అనడం పరీక్షించి చూడగల హామీ. సరుకు నాణ్యత గురించి అబద్ధం చెప్పడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. అది నోటిమాట కావచ్చు, రాత కావచ్చు, వాట్సాప్ మెసేజీ కావచ్చు. తగిన పరీక్ష లేకుండా సరుకు పనితీరుకు హామీ ఇవ్వడమూ అలాంటిదే. "మేం పరీక్ష చేసే చెప్పాం" అని కంపెనీ వాదిస్తే, ఆ సంగతి నిరూపించాల్సిన భారం కంపెనీదే.

కాబట్టి కొనేటప్పుడే రెండు అంకెలు అడగండి. మొదటిది నీరు పీల్చే శాతం. విట్రిఫైడ్ టైల్ అయితే ఇది 0.5 శాతానికి మించదు. గోడలకు వేసే మామూలు సిరామిక్ టైల్ 10 శాతం పైనే పీల్చుకోవచ్చు. రెండోది మరకల పరీక్షలో తరగతి. ఇందులో 1 నుంచి 5 వరకు ఉంటాయి. వేడినీళ్లకే మరక వదిలితే 5. అట్టపెట్టె మీద గానీ కంపెనీ కాగితాల్లో గానీ ఈ అంకెలు చూపించమనండి. టైల్ ఎంత మంచిదైనా సందుల్లో సిమెంటు గ్రౌట్ నింపితే పసుపు అక్కడ కూర్చుంటుంది. వంటింట్లో ఎపాక్సీ గ్రౌట్‌కు ఖర్చెక్కువే గానీ, మరక లోపలికి దిగనివ్వదు.

"వాపసు తీసుకోబడదు" అన్న ముద్ర చూసి వెనక్కి రాకండి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం కూడా 2019 చట్టం ప్రకారం అనుచిత పద్ధతే. ముద్ర వేసినంత మాత్రాన చట్టం మారిపోదు. కానీ మీరూ ఒక జాగ్రత్త పాటించాలి. టైల్స్ పరిచాక సరుకును మీరు ఒప్పుకున్నట్టే. అప్పుడు తిప్పి పంపే హక్కు పోయి నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగులుతుంది. విప్పి చూస్తే కంటికి కనిపించే షేడు తేడా, సైజు తేడా గురించి పరిచాక మొరపెట్టుకుంటే వినేవారు తక్కువ. పెట్టెలన్నీ విప్పి, శాంపిల్ పక్కన పెట్టి చూశాకే మేస్త్రీని పని మొదలుపెట్టమనండి. శాంపిల్ చూపి అమ్మితే సరుకంతా శాంపిల్‌లాగే ఉండాలని సెక్షన్ 17 చెబుతుంది. అందుకని ఆ శాంపిల్ ముక్కను మీ దగ్గరే ఉంచుకోండి.

బెంగళూరులో కొన్నాం గనుక కేసు కూడా అక్కడే వేయాలన్న భయం అక్కర్లేదు. మీరు నివసించే చోట వేసుకునే వీలు 2019 చట్టం కల్పించింది.

ప్రశ్న 2 (ధర్మవరం): మా మగ్గం ఇంట్లోనే. గోడలకు కడగడానికి వీలైన ఎమల్షన్ వేయమని కాంట్రాక్టరుకు మొత్తం పని అప్పగించాం. రెండు నెలలకే పొడి రాలి పట్టు మీద పడుతోంది. డిస్టెంపరే వేశారని అనుమానం. మగ్గం ఉంది కాబట్టి ఇది వ్యాపారం, వినియోగదారుల కేసు చెల్లదంటున్నారు. నిజమేనా?

మగ్గం ఉన్నంత మాత్రాన కేసు చెల్లకుండా పోదు. వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారన్న మాట నిజమే. కానీ స్వయంగా పనిచేసుకుని, కేవలం పొట్టపోసుకోవడానికి వాడుకునే సరుకును చట్టం వాణిజ్యం కింద లెక్కగట్టదు. ఇంటిల్లిపాదీ కూర్చుని నేసుకునే మగ్గానికీ, కూలీలను పెట్టి నడిపే షెడ్డుకూ తేడా ఉంది. పైగా మీరు వేయించింది మీరుండే ఇంటి గోడలకు.

ఇంటి నిర్మాణ పని సేవ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1993లో లక్నో అభివృద్ధి సంస్థ, ఎం.కె. గుప్తా కేసులో స్పష్టం చేసింది. ఇప్పటి చట్టంలోనూ సేవల జాబితాలో గృహ నిర్మాణం ఉంది. ఒప్పుకున్న పెయింటు వేయకపోవడం సేవాలోపం. అయితే పని అప్పగించిన తీరు ముఖ్యం. ఇంత మొత్తానికి ఇంత పని అని గుత్తకు ఇస్తే అది సేవ. మేస్త్రీకి రోజుకూలీ ఇచ్చి, సరుకు మీరే తెచ్చి, పక్కన నిలబడి చేయించుకుంటే దాన్ని సేవగా చూపించడం కష్టమవుతుంది. అప్పుడు మిగిలేది ఎక్కువగా సివిల్ కోర్టు దారే.

పొడి పడి పాడైన చీర నష్టం సంగతికి వద్దాం. 1872 నాటి ఒప్పందాల చట్టం సెక్షన్ 73 ప్రకారం, ఒప్పందం కుదిరేనాటికి జరగవచ్చని ఇద్దరికీ తెలిసిన నష్టానికి పరిహారం అడగొచ్చు. "ఇది మగ్గం గది, గోడ నుంచి పొడి రాలకూడదు" అని ముందే రాసి ఇచ్చి ఉంటే చీర నష్టం కూడా అడగొచ్చు. ఆ మాట చెప్పకుండా ఉంటే గోడ వరకే అడగగలరు.

పెయింటు డబ్బాలను పారేయకండి. పేరు, బ్యాచ్, తయారైన నెల, ధర, కస్టమర్ కేర్ నంబరు వాటి మీద ఉంటాయి. 2017 నవంబరు 1 నుంచి ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం అమల్లో ఉంది. ఆ సంగతి కూడా డబ్బా మీద చూసుకోండి. పాత ఇంటి గోడల్ని పొడిగా గీకితే పాత రంగులోని సీసం గాల్లో కలవవచ్చు. గోడ తడిపి గీకించండి, ఆ వేళ పిల్లల్ని దూరంగా ఉంచండి.

సాక్ష్యం విషయంలో మన రైతుల కేసు ఒకటి గుర్తుంచుకోవాలి. జాతీయ విత్తనాల సంస్థ, ఎం. మధుసూదన్ రెడ్డి కేసులో 2012లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. విత్తనాలు పరీక్షకు పంపలేదు గనుక ఫిర్యాదు చెల్లదన్న సంస్థ వాదనను కోర్టు ఒప్పుకోలేదు. రైతు కొన్న విత్తనమంతా చల్లేస్తాడు, పరీక్ష కోసం కొంత దాచిపెట్టుకుంటాడని ఆశించలేం అంది. ఇల్లు బాగుచేయించుకునే మనకు ఆ ఇబ్బంది లేదు. నాలుగు టైల్స్, అడుగున మిగిలిన పెయింటుతో ఒక డబ్బా అటక మీద పెట్టుకోవచ్చు. అవసరమైతే వినియోగదారుల కమిషనే వాటిని ల్యాబుకు పంపిస్తుంది.

ప్రశ్న 3 (పెనుకొండ): కియా కర్మాగారం దగ్గరని ఇక్కడ అద్దెకు దిగాం. ఇల్లు కొత్తగా బాగుచేయించింది. ఖాళీ చేస్తుంటే పెయింటు ఖర్చుకూ, బాత్రూం టైల్స్ మెరుపు పోయినందుకూ అడ్వాన్సులో కోస్తామంటున్నారు. ఇవ్వాలా?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం, ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదల మాత్రం మీ బాధ్యత కాదు. గోడ రంగు వెలిసిపోవడం, క్యాలెండరు మేకు గుర్తు అరుగుదలే. పిల్లలు గోడల నిండా గీసిన గీతలు కాకపోవచ్చు.

బాత్రూం సంగతి వేరు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కుళాయిల మీద తెల్లపొర కట్టడం సహజం. దాన్ని వదిలించాలని ఆసిడ్ పోస్తే కుళాయి పూత పోతుంది, గ్రౌట్ దెబ్బతింటుంది, కొన్ని టైల్స్ మెరుపూ పోతుంది. ఉప్పుపొర అరుగుదల అని వాదించవచ్చు గానీ, ఆసిడ్ దెబ్బ మీరు చేసిన నష్టమే అవుతుంది. వాడిన వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే ఆ పొర కట్టే అవకాశమే తక్కువ.

అద్దె ఒప్పందంలో "ఖాళీ చేసేటప్పుడు పెయింటు ఖర్చు అద్దెదారుదే" అని రాసి మీరు సంతకం పెట్టి ఉంటే ఆ షరతే నడుస్తుంది. సంతకానికి ముందే చదవండి. చేరిన రోజూ వెళ్లే రోజూ గది గదికీ వీడియో తీసి యజమానికి పంపండి. యజమానులకూ ఒక మాట: ఏ నేలను దేనితో కడగాలో ఒక కాగితం మీద రాసి అద్దెదారుకు ఇచ్చి సంతకం తీసుకుంటే సగం తగాదాలు పుట్టవు.

ఈ తగాదాకు వినియోగదారుల కమిషన్ సరైన వేదిక కాదు. కోర్టుల వద్ద ఉండే మండల న్యాయసేవా సంఘానికి అర్జీ ఇస్తే ఇద్దరినీ లోక్ అదాలత్‌కు పిలుస్తారు. అక్కడ ఫీజు ఉండదు. రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ, వికలాంగులకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది. ఫోన్ నంబరు 15100.

ఫిర్యాదు ఎలా?

ముందు షాపుకు, కాంట్రాక్టరుకు, కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోటోలతో లేఖ రాయండి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. పదిహేను రోజులు గడువిస్తే చాలు. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. అక్కడా తేలకపోతే అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్ వింటుంది. 5 లక్షల లోపైతే ఫీజే లేదు. లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. లోపం బయటపడ్డాక రెండేళ్లలోగా వేయాలి. మూడు నెలల్లో, ల్యాబు పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఇంకొంత పట్టవచ్చు.

అవతలి పక్షం తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "మీరు దేనితో కడిగారు?" పెయింటు వేశాక దాదాపు నాలుగు వారాలు గోడను రుద్దకూడదు. బండనూ టైల్‌నూ ఘాటు లేని సబ్బునీళ్లతోనే తుడవాలి. కొత్త ద్రావకం ఏదైనా ముందు ఒక మూల వేసి చూడాలి. వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉండేవి ఎక్కువగా ఇవే. అవి పాటించకపోతే సరుకు నిజంగా నాసిరకమైనా మీ కేసు బలం తగ్గుతుంది.

బిల్లు వద్దంటే ధర తగ్గిస్తామనే షాపులుంటాయి. ఆ తగ్గింపు కోసం వదులుకునేది ఇందాకటి నుంచి చెప్పుకున్న హక్కులన్నిటికీ మూలమైన కాగితం. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత పద్ధతే. బిల్లు చేతికొచ్చాక కింద ఖాళీలో ఈ నాలుగు వాక్యాలు రాయించి, షాపు ముద్ర వేయించుకోండి:

"వంటింటి నేలకు, గట్టుకు అని కొనేవారు చెప్పారు. నూనె, పసుపు, చింతపండు పడతాయని చెప్పారు. మామూలు సబ్బునీళ్లతో మరక పోతుందని మేం చెప్పాం. ఆసిడ్ వాడకూడదని కూడా చెప్పాం."

రాయమని అడిగినప్పుడు అమ్మేవారు కాసేపు తటపటాయిస్తే గమనించండి. "తడిగుడ్డ పెడితే చాలక్కా" అన్న మాట మీద వాళ్లకే ఎంత నమ్మకముందో అక్కడే తెలిసిపోతుంది. వేరే టైల్ చూపించమనడానికి అప్పటికింకా సమయముంటుంది.